పీజీ సీటు వచ్చింది, మనసేమో స్క్రిప్ట్ మీద ఉంది. డాక్టర్ పని వదిలి సినిమా రచన, దర్శకత్వం వైపు వెళ్లినవాళ్లు ఉన్నారా?

నైట్‌డ్యూటీ_రాతలు:

అందరికీ నమస్తే. పెద్ద పోస్టే, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

మాది ఖమ్మం వైపు. ఎంబీబీఎస్, హౌస్ సర్జన్సీ అయిపోయాయి, ప్రస్తుతం హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో (ఎమర్జెన్సీ విభాగం) డ్యూటీ డాక్టర్‌గా చేస్తున్నాను. ఈసారి నీట్ పీజీలో ర్యాంకు పర్వాలేదనిపించేలా వచ్చింది, కౌన్సెలింగ్‌లో ఎండీ అనస్థీషియా (ఆపరేషన్లకి మత్తు ఇచ్చే బ్రాంచి) సీటు అలాట్ అయింది, అదీ గవర్నమెంటు కాలేజీలో. ఇంట్లో పండగే. నాన్న రిటైర్డ్ టీచర్, వీధి మొత్తానికీ స్వీట్లు పంచేశారు. నాకు మాత్రం రిపోర్టింగ్ తేదీ దగ్గరపడే కొద్దీ నిద్ర పట్టట్లేదు.

విషయం ఏంటంటే నాకు సినిమాలు రాయాలని, తీయాలని ఉంది. సరదాకి కాదు. కాలేజీ రోజుల నుంచి రాస్తున్నాను, ఫ్రెండ్స్‌తో కలిసి ఒక షార్ట్ ఫిల్మ్ తీశాం, యూట్యూబ్‌లో ఉంది (లింక్ పెట్టను, మా సీనియర్లు ఇక్కడ తిరుగుతుంటారు). ఇప్పుడొక ఫుల్ లెంగ్త్ స్క్రిప్ట్ పూర్తయింది. జిల్లా ఆసుపత్రిలో ఒక్క రాత్రిలో జరిగే కథ. నైట్ డ్యూటీలో కేసుకీ కేసుకీ మధ్య ఫోన్‌లో టైప్ చేసుకుంటూ రాశాను.

సీటులో చేరితే మూడేళ్లు ఆపరేషన్ థియేటర్, థీసిస్, డ్యూటీలు. అందులో రాయడం కుదురుతుందా అంటే మా సీనియర్లని చూస్తే నమ్మకం కలగట్లేదు, వాళ్లకి తినడానికే టైమ్ ఉండదు. చేరకపోతే మళ్లీ ఇలాంటి ర్యాంకు వస్తుందన్న గ్యారంటీ లేదు, ఇంట్లో యుద్ధం. చేరి మధ్యలో మానేస్తే బాండ్ డబ్బు కట్టాలి, సర్టిఫికెట్లు కాలేజీలో ఇరుక్కుంటాయి. తమ్ముడింకా బీటెక్‌లో ఉన్నాడు, నేను పంపే డబ్బు ఇంటికి అవసరమే. పైగా సంబంధాలు చూస్తున్నారు, వచ్చే ప్రతివాళ్లూ "అమ్మాయి ఎండీ చేస్తుందటగా" అంటూనే మొదలుపెడుతున్నారు, అదో టెన్షన్.

ఒకవేళ వదిలేస్తే ఎవరైనా డైరెక్టర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరాలా, పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎంట్రన్స్ రాయాలా, లేక డ్యూటీలు చేసుకుంటూ స్క్రిప్ట్ పట్టుకుని తిరగాలా? "నీ ప్యాషన్‌ని ఫాలో అయిపో" అనేవాళ్లు దయచేసి వద్దు, అది రీల్స్‌లో రోజూ చూస్తూనే ఉన్నా. ఈ దారిలో వెళ్లినవాళ్లో, దగ్గర్నుంచి చూసినవాళ్లో చెప్పండి.


ఓటీ_టేబుల్:

అమ్మా, నేను చాలా ఏళ్లుగా అనస్థీషియాలోనే ఉన్నాను కాబట్టి నీ ప్రశ్నలో సగానికి నేను జవాబు చెప్పగలను, సినిమా సంగతి తెలిసినవాళ్లు చెప్తారు.

నీకు వచ్చింది జనరల్ సర్జరీయో గైనకాలజీయో అయ్యుంటే నా మాట వేరేగా ఉండేది. అనస్థీషియాలో ఒక సుగుణం ఉంది, బయటివాళ్లకి పెద్దగా తెలియదు. నీకంటూ క్లినిక్ అక్కర్లేదు, ఓపీ అక్కర్లేదు, "మా డాక్టరమ్మ ఎక్కడికి పోయింది" అని నీకోసం ఎదురుచూసే పేషెంట్లు ఉండరు. పాస్ అయ్యాక ఫ్రీలాన్స్ చేసుకోవచ్చు, కేసుకి ఇంత అని ఇస్తారు, మా ఊళ్లలో చిన్న నర్సింగ్ హోమ్‌లు సగం ఇలాగే నడుస్తాయి. నెలలో కొన్ని రోజులు కేసులు పెట్టుకుని మిగతా రోజులు నీ పని నువ్వు చేసుకోవచ్చు. వైద్యంలో ఇంత వెసులుబాటున్న బ్రాంచీలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. సినిమా పిచ్చి ఉన్న పిల్లకి ఈ సీటే రావడం నాకైతే అదృష్టంలా కనిపిస్తోంది.

అలాగని ఇదంతా తేలిక అనుకోకు. సర్జన్ రాత్రి రెండింటికి ఫోన్ చేస్తాడు, ఎమర్జెన్సీ సిజేరియన్, పది నిమిషాల్లో రావాలి అంటాడు. ఒకటి రెండుసార్లు నువ్వు దొరక్కపోతే మూడోసారి వేరేవాళ్లకి చేస్తాడు, అంతే, ఆ నర్సింగ్ హోమ్ పోయినట్టే. పీజీ మొదటి ఏడాది రాత గురించి మర్చిపో. రెండో ఏడాది చివర్నుంచి కాస్త ఊపిరాడుతుంది.

చేరి వదిలేద్దాం అనే ఆలోచన మాత్రం పెట్టుకోకు. చేరడమా మానడమా అన్నది ఇప్పుడే తేల్చుకో. సీటు వదిలేస్తే ఏ రౌండ్ వరకు ఏ నష్టం, ఎప్పటినుంచి జరిమానా, తర్వాత కౌన్సెలింగ్‌కి రానిస్తారా లేదా, అన్నీ ఈ ఏడాది నోటిఫికేషన్‌లో రాసే ఉంటాయి. వాట్సాప్ గ్రూపులో అడక్కుండా ఆ పేజీలు నువ్వే కూర్చుని చదువు.


పాప్‌కార్న్_బాబు:

డాక్టర్ గారూ, మన ఇండస్ట్రీలో సక్సెస్ అయినవాళ్లలో మీ వాళ్లు తక్కువేం లేరు. అర్జున్ రెడ్డి తీసిన సందీప్ రెడ్డి వంగా కూడా మెడికలే కదా. భయపడకండి, దూకేయండి 🔥


కృష్ణానగర్_కబుర్లు:

బాబూ, సందీప్ వంగా చదివింది ఫిజియోథెరపీ, ధార్వాడ్‌లో. తర్వాత ఆస్ట్రేలియా వెళ్లి సినిమా చదువుకుని, ఇక్కడ అసిస్టెంట్‌గా చేసి, 2017లో ఆ సినిమా తీశాడు. నిర్మాత సొంత ఇంట్లోవాడే, ప్రణయ్ వంగా, ఆయన సోదరుడు. ఆ చివరి ముక్క ఎవరూ చెప్పరు. ఇంటివాళ్లు డబ్బు పెట్టేవాళ్లకి ఇచ్చే సలహా, నెలనెలా ఇంటికి డబ్బు పంపేవాళ్లకి ఇచ్చే సలహా ఒకటెలా అవుతాయి?

మేడమ్, నేను కో-డైరెక్టర్‌ని, మాస్ సినిమాలకే ఎక్కువ చేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్తా. డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన అసిస్టెంట్‌కి మొదటి సినిమాకి చాలాచోట్ల జీతం అనేది ఉండదు, షూటింగ్ రోజుల్లో భోజనం, బత్తా, అదృష్టం బాగుంటే పెట్రోలు. క్లాప్ కొట్టడం, కంటిన్యుటీ రాయడం, ఆర్టిస్టుల్ని కేరవాన్ నుంచి పిలుచుకు రావడం, ఇదీ పని. అక్కడినుంచి అసోసియేట్, కో-డైరెక్టర్, ఆ తర్వాత సొంత కథతో హీరోల చుట్టూ తిరగడం. ఎంతకాలం పడుతుందని అడగకండి, కొందరికి మూడు సినిమాలకే అవుతుంది, సినిమావాళ్లు ఎక్కువగా ఉండే కృష్ణానగర్‌లో జుట్టు నెరిసిన అసోసియేట్లు కూడా ఉన్నారు. సినిమా ఆగిపోవడం మరీ మామూలు. ఏడాది కూర్చుని కథ మీద సిట్టింగులు వేశాక హీరో డేట్లు మారిపోతాయి, ఆ ఏడాదికి ఎవడూ డబ్బులివ్వడు.

మా దగ్గర చివరిదాకా నిలబడేది టాలెంట్ ఉన్నోడా అంటే, టాలెంట్ ఉండి రూమ్ అద్దె గురించి భయం లేనోడు. నా బ్యాచ్‌లో నాకంటే బాగా రాసేవాళ్లు ఇద్దరు ఊరెళ్లిపోయారు, ఒకరు ఎరువుల షాపు, ఇంకొకరు స్కూలు. మీ చేతిలో ఒక డిగ్రీ ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఏదో ఒక ఆసుపత్రిలో నైట్ డ్యూటీ దొరుకుతుంది. మా వాళ్లలో ఎవరికీ ఆ సౌకర్యం లేదు. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మాత్రం లాప్స్ కానివ్వకండి. మా సర్కిల్‌లో ఒక డాక్టర్ ఉన్నాడు, రెన్యువల్ పట్టించుకోలేదు, తర్వాత లోకమ్ (వేరే డాక్టర్ బదులు తాత్కాలిక డ్యూటీ) చేద్దామంటే కాగితాలకే తిరగాల్సొచ్చింది.

ఓటీ_టేబుల్ గారు చెప్పిన ఫ్రీలాన్స్ లెక్క బాగుంది కానీ ఒక చిక్కుంది. షూటింగ్ మొదలైతే ఔట్‌డోర్ షెడ్యూల్ నలభై రోజులు కావచ్చు, ఆ మధ్యలో "నాకు రేపు కేసు ఉంది" అంటే కుదరదు. రాయడం పక్కన పెట్టుకుని వేరే పని చేయొచ్చు. డైరెక్షన్‌లో ఉంటూ చేయలేరు. మీరు ప్రశ్న అడిగేటప్పుడు రెండూ కలిపేశారు, ముందు ఆ రెండూ విడదీసుకోండి.


నైట్‌డ్యూటీ_రాతలు:

చాలా థాంక్స్. ఫ్రీలాన్స్ సంగతి నేను ఈ కోణంలో ఆలోచించలేదు సార్. రాయడమా తీయడమా అంటే... నా కథ నేనే తీయాలని ఉంది, ఎందుకంటే వేరేవాళ్ల చేతిలో పెడితే అందులో ఐటమ్ సాంగ్ పెట్టేస్తారని భయం 😅 కానీ నిజాయితీగా చెప్పాలంటే నేనింతవరకు ఒక పెద్ద సెట్ కూడా చూడలేదు.

నేను భయపడేది ఇంకొకటి ఉంది. మూడేళ్ల తర్వాత ఈ కోరిక ఉంటుందా? ఇప్పుడున్న కసి అప్పటికి చల్లారిపోతే? నాన్న ధైర్యం కూడా అదే అనుకుంటా, "ముందు చేరు, తర్వాత చూద్దాం" అంటున్నారు. ఆ "తర్వాత" ఎప్పటికీ రాదని ఆయనకీ తెలుసు నాకూ తెలుసు.


పాత_స్టెత్:

ఇక్కడ నేను మాట్లాడకపోతే బాగోదు. నేను ఎంబీబీఎస్ చేసి, కొన్నాళ్లు పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌గా చేసి, మానేసి, ఇప్పుడు ఓటీటీ సిరీస్‌లకి రైటర్స్ రూమ్‌లో పనిచేస్తున్నాను. పేరున్న రైటర్‌ని కాదు. టైటిల్స్‌లో నా పేరు స్కిప్ బటన్ నొక్కాక వస్తుంది.

జనం మీకు మ్యాడ్ మ్యాక్స్ తీసిన ఆస్ట్రేలియా డైరెక్టర్ జార్జ్ మిల్లర్ పేరు చెప్తారు కాబట్టి ఆయన అసలు ఏం చేశాడో చూద్దాం. సిడ్నీలో మెడిసిన్ చదివి, సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రిలో రెసిడెంట్‌గా చేశాడు. 1971లో ఒక ఫిల్మ్ వర్క్‌షాప్‌లో బైరన్ కెన్నెడీ పరిచయమయ్యాడు, తర్వాత ఆయన సినిమాకి నిర్మాత అతనే. మ్యాడ్ మ్యాక్స్ వచ్చింది 1979లో. మధ్యలో ఎన్నేళ్లో చూడండి. ఆ సినిమా డబ్బు కూడబెట్టడానికి మిల్లర్ ఎమర్జెన్సీ కాల్స్‌కి వెళ్లేవాడు, కెన్నెడీ కారు నడిపేవాడు. అంటే డాక్టర్ పని వదిలేసి సినిమా తీయలేదు, డాక్టర్ పనితోనే సినిమాకి పెట్టుబడి తెచ్చుకున్నాడు. ఆ సినిమాలో రోడ్డు ప్రమాదాలు అలా ఒళ్లు జలదరించేలా ఉండటానికి కారణం ఆయన క్యాజువాలిటీలో చూసిన నలిగిన ఒళ్లే. అయితే గమనించండి, సినిమాలో ఆసుపత్రి కథ లేదు, కార్లు ఉన్నాయి.

బ్రిటన్‌లో జెడ్ మెర్క్యూరియో అని ఒకాయన ఉన్నాడు, జూనియర్ డాక్టర్‌గా ఉండగా బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక ప్రకటన చూసి బీబీసీ వాళ్లకి రాశాడు. అలా 1994లో కార్డియాక్ అరెస్ట్ అనే సిరీస్ వచ్చింది, అదీ మారుపేరుతో, ఎందుకంటే ఇంకా డ్యూటీలో ఉన్నాడు. తర్వాత పోలీసు సిరీస్‌లతో ఇంకా పెద్ద పేరొచ్చింది. మన దగ్గరికొస్తే, మహారాష్ట్రలో జబ్బార్ పటేల్ పిల్లల డాక్టర్, పూణే దగ్గర దౌండ్‌లో ప్రాక్టీస్ పెట్టుకుని నాటకాలు, ఆపైన సినిమాలు చేశాడు. మన తెలుగులో అయితే అందరికంటే ముందు గరికపాటి రాజారావు గారు, డాక్టర్, ప్రజానాట్యమండలి మనిషి, 1953లో పుట్టిల్లు తీశారు. జమున గారు, అల్లు రామలింగయ్య గారు తెరకెక్కింది దాంతోనే. (రామలింగయ్య గారు హోమియోపతి వైద్యం కూడా చేసేవారు, రాజమండ్రిలో హోమియో కాలేజీకి ఆయన పేరే ఉంది. మనవాళ్లు ఎక్కడ చూసినా దొరుకుతారు.) ఈ కాలంలో అయితే ప్రవీణ పరుచూరి గారు, అమెరికాలో కార్డియాలజిస్ట్, 2018లో కేరాఫ్ కంచరపాలెం నిర్మించారు, ఆ తర్వాత దర్శకత్వం కూడా చేశారు.

వీళ్లలో నాకు తెలిసినంతలో ఒక్కరు కూడా ఒక మంచి రోజు చూసుకుని స్టెతస్కోప్ విసిరేసి రైలెక్కలేదు. అది సినిమాల్లోనే జరుగుతుంది.

ఇప్పుడు మీ స్క్రిప్ట్ గురించి. చదవలేదు, అయినా చెప్తాను, ఎందుకంటే డాక్టర్లు రాసే మొదటి స్క్రిప్ట్‌లు నేను చాలా చదివాను, దాదాపు అన్నింటిలో ఒకటే జబ్బు. పాము కాటు కేసు వస్తుంది, అదొక సీన్. పురుగుల మందు తాగినవాళ్లు వస్తారు, అదొక సీన్. కాన్పు కష్టమై ఒకరు వస్తారు. బంధువులు గొడవ చేస్తారు. ప్రతి సీనూ బాగుంటుంది, నిజంగా ఉంటుంది, ఎందుకంటే మనం చూసినవే. కానీ మూడో సీను తీసి ఏడో సీను దగ్గర పెట్టినా కథకి ఏమీ కాదు. కేస్ షీట్లు వరసగా పేర్చినట్టు ఉంటుంది. ఆ రాత్రి తెల్లారేసరికి డ్యూటీ డాక్టర్‌కి ఏం పోతుంది, ఏం కావాలనుకుని లోపలికొచ్చింది, ఏది దక్కకుండా బయటికెళ్తుంది, అది లేకపోతే ఎంత నిజమైన కేసులైనా అరగంటకే ఫోన్ చూసుకుంటారు జనం. మీ స్క్రిప్ట్‌లో ఆ జబ్బు లేకపోతే సంతోషం.

వైద్యం నుంచి నాకు బాగా పనికొచ్చింది జబ్బుల పరిజ్ఞానం అనుకుంటారు అందరూ. అది సలహాదారు పనికి పనికొస్తుంది, "ఈ సీన్‌లో ఇంజెక్షన్ ఎక్కడ ఇవ్వాలి" అని ఫోన్లు వస్తుంటాయి. అసలు పనికొచ్చింది హిస్టరీ తీసుకోవడం, అంటే పేషెంట్‌ని అడిగి జబ్బు సంగతంతా రాబట్టడం. కడుపునొప్పి అని వచ్చినావిడ ముందు కడుపునొప్పి గురించే చెప్తుంది. మీరు తొందరపెట్టకుండా కూర్చుంటే, లేచి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి "ఆయన మళ్లీ తాగుతున్నాడమ్మా" అంటుంది. మనిషి ముందు ఏం చెప్తాడు, ఏం దాస్తాడు, ఏది చివర్న జారవిడుస్తాడు. డైలాగ్ రాయడం అంటే అదే కదా. సినిమా స్కూల్లో అది నేర్పడానికి కిందామీదా పడతారు, మీకు రోజుకి ముప్ఫై మంది ఉచితంగా నేర్పుతున్నారు.

ఆ మనుషుల్ని మాత్రం యథాతథంగా వాడుకోకండి. మీ ఆసుపత్రికి వచ్చిన పేషెంట్ థియేటర్‌లో కూర్చుని "ఇది నా కథే" అనుకునేలా ఉండకూడదు. పేరు మార్చితే సరిపోదు, చిన్న ఊళ్లలో జబ్బు, ఊరు, వయసు మూడూ కలిస్తే మనిషి ఎవరో తెలిసిపోతుంది. మన వృత్తిలో అది నేరం, రచయితగా కూడా చేతకానితనం.

ఇక సీటు. మీ బదులు నేను నిర్ణయించలేను. కానీ మీరు "మూడేళ్లకి కసి చల్లారిపోతే" అన్నారు చూడండి, దానికి మాత్రం జవాబు చెప్తాను. చల్లారిపోతే పోనివ్వండి. ఎండీ అనస్థీషియా చేసి, థియేటర్‌లో పేషెంట్‌ని నిద్రపుచ్చుతూ హాయిగా బతికే అమ్మాయి ఓడిపోయినట్టు ఎందుకు అనుకోవాలి? మన సినిమా వాళ్లం ఒక దురహంకారం పెంచుకున్నాం, ఇక్కడికి రానివాడు పిరికివాడని.


పాప్‌కార్న్_బాబు:

అన్నా చివరి పేరా 👏 నేను దూకేయమన్నది వెనక్కి తీసుకుంటున్నా


క్లాప్_పట్టుకున్న_అమ్మాయి:

పైన అందరూ బాగా చెప్పారు గానీ ఒక్కరూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి, నువ్వు అమ్మాయివి కాబట్టి చెప్తున్నా అక్కా.

నేను అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేస్తున్నా. ఔట్‌డోర్ షూట్‌లో హీరోయిన్‌కి బాత్రూమ్ ఉన్న కేరవాన్ ఉంటుంది, మనకి ఉండదు, ఊరి బయట లొకేషన్ అంటే పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉండటం అలవాటు చేసుకున్నవాళ్లు కూడా ఉన్నారు (డాక్టర్‌వి, ఇది విని నువ్వు తిడతావని తెలుసు). రాత్రి ప్యాకప్ అయ్యాక ఇంటికి ఎలా వెళ్తామన్నది చేరకముందే ప్రొడక్షన్ మేనేజర్‌ని అడిగేయాలి, మొహమాటపడకూడదు. ఇంటర్నల్ కమిటీ (లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినేది) ఉందా అని కూడా అడగాలి. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసేచోట ఉండాలి. చాలా కంపెనీల్లో ఆ ప్రశ్న అడిగితే ముందు ఒక నవ్వు వస్తుంది. మలయాళ సినిమాలో ఆడవాళ్ల ఇబ్బందుల మీద హేమ కమిటీ రిపోర్టు 2024లో కేరళలో బయటికొచ్చాక ఇక్కడ కూడా కాస్త జాగ్రత్త కనిపిస్తోంది, కాదనను. మంచి టీములు ఉన్నాయి. నేను ఇప్పుడు చేస్తున్న టీమ్‌లో డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో సగం మంది అమ్మాయిలమే. కానీ ఏ టీమో ముందు కనుక్కో, పోస్టర్ మీద పేరు చూసి చేరకు. ఆ డైరెక్టర్ దగ్గర ఇదివరకు చేసి మానేసిన అమ్మాయితో ఒక్కసారి మాట్లాడితే చాలు, అంతా తెలిసిపోతుంది.

ఇంకోటి, నువ్వు డాక్టర్‌వని సెట్‌లో పొరపాటున కూడా చెప్పకు. మా యూనిట్‌లో ఒక బీడీఎస్ అమ్మాయి ఉండేది, మొదటిరోజే తెలిసిపోయింది. ఇక లైట్‌మెన్‌కి నడుంనొప్పి, మేకప్ అన్నకి షుగర్, ప్రొడ్యూసర్ గారి బావమరిదికి గ్యాస్ ట్రబుల్. పళ్ల డాక్టర్ని అన్నా మహాప్రభో అన్నా వినలేదు. ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఆ పిల్ల చేతికే ఇచ్చేశారు, క్లాప్ నాకొచ్చింది.

పూణే గురించి అడిగావు. ఎఫ్‌టీఐఐలో డైరెక్షన్ అండ్ స్క్రీన్‌ప్లే రైటింగ్ మూడేళ్ల కోర్సు, ఏ డిగ్రీ ఉన్నా రాయొచ్చు, ఎంబీబీఎస్ చాలు. కోల్‌కతాలో సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ కూడా అంతే. అక్కడ చదివినవాళ్లకి సినిమా చూసే కన్ను మారిపోతుంది, నిజం. కానీ వెనక్కొచ్చి హైదరాబాద్‌లో మళ్లీ పరిచయాలు మొదట్నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది, అక్కడి సర్టిఫికెట్ చూపిస్తే ఇక్కడ ఎవరూ కుర్చీ వేయరు. మూడేళ్లు ఎండీకి పెట్టాలా సినిమా కోర్సుకి పెట్టాలా అంటే, రెండింటికీ మూడేళ్లే కదా అన్న లెక్క నువ్వే చూసుకో. స్టైపెండ్ వచ్చేది మాత్రం ఒక్కదానికే.


కృష్ణానగర్_కబుర్లు:

ఈ అమ్మాయి చెప్పింది ప్రతి అక్షరం నిజం, ముఖ్యంగా ఫస్ట్ ఎయిడ్ డబ్బా 😂

ఒకటి కలుపుతాను. మన దగ్గర స్క్రిప్ట్ ఎవరూ చదవరు మేడమ్, వింటారు. నెరేషన్ అంటారు. బౌండ్ స్క్రిప్ట్ ఎంత బాగా రాసినా, హీరో ముందు కూర్చుని రెండు రెండున్నర గంటలు కథ చెప్పగలగాలి, మధ్యలో ఆయన ఫోన్ ఎత్తితే ఆగి మళ్లీ అదే ఊపుతో అందుకోవాలి. అంతకంటే ముందు ఐదు నిమిషాల్లో లైన్, అంటే కథ సారాంశం, చెప్పడం రావాలి. రాసేవాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మీరు వార్డు రౌండ్స్‌లో ప్రొఫెసర్ ముందు కేసు ప్రెజెంట్ చేసే ఉంటారు, ఆయన మధ్యలో అడ్డు తగులుతుంటే తడబడకుండా చెప్పే ఉంటారు, కాబట్టి మీకు ఆ భయం తక్కువే ఉండొచ్చు.

కథ ఎవరికైనా చెప్పే ముందు రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించండి. మెంబర్‌షిప్ రూల్స్ సంఘం ఆఫీసులో అడిగితే చెప్తారు. కాపీరైట్ ఆఫీసులో కూడా చేసుకోవచ్చు. కానీ ఒట్టి ఐడియాకి రక్షణ లేదని గుర్తుపెట్టుకోండి. 1978లోనే సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ కేసులో ఆ సంగతి తేల్చేసింది, ఐడియా ఎవరిదైనా కావచ్చు, దాన్ని మీరు రాసిన తీరుకే హక్కు. "జిల్లా ఆసుపత్రిలో ఒక రాత్రి" అనేది ఎవరైనా తీసుకోవచ్చు. మీ సీన్లు, మీ పాత్రలు, మీ మాటలు మీవి. అందుకే పూర్తి స్క్రిప్ట్ రాసి పెట్టుకున్నవాళ్లు నోటితో లైన్ చెప్పి తిరిగేవాళ్లకంటే క్షేమం. ఎవరికి ఏ రోజు చెప్పారో ఈమెయిల్‌లో ఒక ముక్క పడేసి ఉంచండి, "ఈరోజు మీకు కథ చెప్పాను సార్, థాంక్స్" అని. మర్యాదగానూ ఉంటుంది, రికార్డూ ఉంటుంది.


నైట్‌డ్యూటీ_రాతలు:

డ్యూటీలో ఉండి ఇప్పుడే అన్నీ చదివాను. పాత_స్టెత్ గారూ, మీరు చెప్పిన జబ్బు నా స్క్రిప్ట్‌కి ఉంది. పాము కాటు సీను కూడా ఉంది 🙈 నాలుగో సీను తీసి పదకొండులో పెట్టి చూశాను, నిజంగానే ఏమీ కాలేదు. కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది.

సీటు విషయంలో చేరడానికే మొగ్గుతున్నాను. నాన్న కోసం కాదు. పైన చదివాక అర్థమైంది ఏంటంటే నాకు ఇప్పుడు కావాల్సింది సెట్ కాదు, ఇంకో రెండు మూడు డ్రాఫ్టులు. అది సెట్‌లో ఉన్నా దొరకదు, ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నా దొరకదు, దొంగతనంగా తెచ్చుకోవాల్సిందే. రిపోర్టింగ్‌కి ఇంకా కొన్ని రోజులుంది. ఈలోపు ఒక వారం సెలవు పెట్టి ఏదైనా షూటింగ్ దగ్గర నిలబడి చూడొచ్చా? ఊరికే, ఆ పని నాకు పడుతుందో లేదో తెలుసుకోవడానికి.


క్లాప్_పట్టుకున్న_అమ్మాయి:

మాది వచ్చే వారం సిటీలోనే షెడ్యూల్, ఇంటీరియర్. మా డైరెక్టర్‌ని అడిగి చెప్తా, కొత్తవాళ్లు చూడ్డానికి వస్తే ఆయన ఏమనరు, ఫోన్ మాత్రం బయటికి తీయకూడదు. పొద్దున ఆరింటికి కాల్ టైమ్, టిఫిన్ అక్కడే. మెసేజ్ పెట్టు. డాక్టర్ అని చెప్పనులే, మా కజిన్ అని చెప్తా.


ఓటీ_టేబుల్:

వెళ్లిరా అమ్మా. వెళ్లేలోపు ఆ నోటిఫికేషన్ చదవడం మాత్రం మర్చిపోకు, బాండ్ పేజీలు ముఖ్యం. నాన్నగారికి షూటింగ్ సంగతి చెప్పే వెళ్లు, పక్కింటివాళ్ల ద్వారా తెలిస్తే ఇంకా పెద్ద గొడవవుతుంది.


పాత_స్టెత్:

రెండో డ్రాఫ్టు అయ్యాక నాకు పంపండి. పాము కాటు సీను తీసేయమని నేను అనలేదు, ఆ పాము కరిచింది ఎవర్నో మార్చి చూడండి. వచ్చినవాళ్లు ఆ డ్యూటీ డాక్టర్‌కి ఎవరూ కానివాళ్లయితే అది కేసు. తెలిసినవాళ్లయితే ఏమవుతుందో రాసి చూడండి.